అడ్డంగా సాగే గొట్టంలో ఆవిరి, నీరు, గాలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఒకచోట చేర్చాను. రాసినవారి వృత్తులు వేరైనా వారందరూ అడిగినది ఒక్క విషయమే. నేలకు సమాంతరంగా సాగే గొట్టంలో నీటితో పాటు ఆవిరో గాలో కలిసి పోతున్నప్పుడు అవి ఎలా ప్రవర్తిస్తాయి అన్నది వారి సందేహం. నిలువు గొట్టంలో భూమ్యాకర్షణ ప్రవాహం పోయే దారి వెంటే పనిచేస్తుంది. అడ్డ గొట్టంలో అది ప్రవాహానికి అడ్డంగా పనిచేసి, బరువైన నీటిని అడుగుకూ తేలికైన ఆవిరిని పైకీ విడదీస్తుంది. కింది జవాబులన్నీ ఈ తేడా నుంచే వస్తాయి.

ప్రశ్న: మా ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ నుంచి ట్యాంకుల దాకా సుమారు 60 మీటర్ల స్టీమ్ లైను అడ్డంగా పోతుంది. గేజి మీద 7 బార్ ఒత్తిడితో నడుపుతాం. ఉదయం మెయిన్ వాల్వు తెరవగానే ఆ లైనులో దబదబమని పెద్ద చప్పుళ్లు వస్తాయి, సపోర్టులు అదురుతాయి. బాయిలర్ మీది నిలువు లైనులో మాత్రం అలాంటిది ఎప్పుడూ లేదు. ఇది ప్రమాదకరమా? (బాయిలర్ అటెండెంట్, మిర్యాలగూడ)

జవాబు: ప్రమాదకరమే. కాబట్టి కారణం కన్నా ముందు చేయవలసిన పని చెబుతాను. చప్పుడు మొదలైనప్పుడు వాల్వును మరింత తెరిచి ఆ నీటిని ముందుకు తోసేయాలని చూడకండి. లైను ఒత్తిడిలో ఉండగానే అడుగు డ్రెయిన్‌ను గబుక్కున తెరవడమూ వద్దు, ఎందుకంటే నిలిచి ఉన్న చల్లని నీరు ఒక్కసారిగా కదిలి, దాని మీదికి వేడి ఆవిరి చొచ్చుకురావడం వల్లనే తీవ్రమైన దెబ్బలు తగిలిన సందర్భాలు ఉన్నాయి. మెయిన్ వాల్వును నెమ్మదిగా మూసి, లైను దగ్గర ఉన్నవారిని దూరంగా పంపి, ఒత్తిడి పూర్తిగా దిగిన తరువాతనే నీటిని వదలండి.

ఇక కారణం. రాత్రంతా చల్లారిన ఉక్కు పైపులోకి ఆవిరి వెళ్లినప్పుడు, ఆ పైపును వేడి చేయడానికే కొంత ఆవిరి నీరైపోతుంది. అది ఎంతో లెక్క కట్టవచ్చు. 100 మిల్లీమీటర్ల పైపు మీటరుకు దాదాపు 16 కిలోల బరువు ఉంటుంది. 7 బార్ గేజి ఒత్తిడి వద్ద ఆవిరి ఉష్ణోగ్రత 170 డిగ్రీల సెల్సియస్. 30 డిగ్రీల దగ్గర ఉన్న పైపు అంత వేడెక్కాలంటే మీటరుకు సుమారు అరకిలో ఆవిరి తన గుప్తోష్ణాన్ని (నీరుగా మారేటప్పుడు వదిలే వేడిని) ఇచ్చి నీరు కావాలి. మీ పైపు కొలత అదే అనుకుంటే 60 మీటర్లకు అది 30 లీటర్లు దాటుతుంది. ఆవిరిని ఆపి నీటిని మాత్రం బయటికి వదిలే స్టీమ్ ట్రాపు సరిగా పనిచేయకపోతే నిన్నటి నీరు కూడా దీనికి తోడవుతుంది.

నిలువు లైనులో ఈ నీరు గోడ వెంట జారి దిగిపోతుంది గనుక మీకు అక్కడ చప్పుడు వినిపించదు. అడ్డ లైనులో అది అడుగున పరుచుకుంటుంది, దాని మీదుగా ఆవిరి పరుగెడుతుంది. చెరువు మీద గాలి వీచినప్పుడు అలలు లేచినట్లే ఈ నీటి మీదా అలలు లేస్తాయి. అల శిఖరం దగ్గర ఆవిరి పోయే దారి ఇరుకవుతుంది. ఇరుకైన చోట వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది, ఆ తగ్గిన పీడనం అలను ఇంకా పైకి లాగుతుంది. ఇంత పెద్ద అలను తిరిగి కిందికి దించగలిగినది భూమ్యాకర్షణ ఒక్కటే. ఆవిరి వేగం ఒక హద్దు దాటిందంటే భూమ్యాకర్షణ ఓడిపోయి అల ఆగకుండా పెరుగుతుంది. భౌతికశాస్త్రంలో దీనిని కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ అస్థిరత్వం అంటారు. గొట్టాల విషయంలో ఈ హద్దును లెక్కించే సూత్రాన్ని 1976లో టైటెల్, డక్లర్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇచ్చారు.

ఆ సూత్రంలో మీ లైను అంకెలు వేసి చూశాను. గొట్టంలో నీరు సగం దాకా ఉంటే హద్దు సెకనుకు సుమారు నాలుగున్నర మీటర్లు, వ్యాసంలో పదో వంతు లోతు మాత్రమే ఉంటే సుమారు 14 మీటర్లు. స్టీమ్ లైన్లలో ఆవిరి మామూలుగా సెకనుకు 25 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది, అంటే వాల్వు పూర్తిగా తెరిచిన క్షణంలోనే ఆ హద్దు దాటిపోయినట్లు. అయినా ప్రతి అలా ప్రమాదం కాదు. నీరు పలుచగా ఉన్నచోట లేచిన అలకు గొట్టాన్ని మూసేంత నీరు దొరకదు. అది తుంపరలుగా చెదిరి, గోడ చుట్టూ పొరగా పాకి, ఆవిరితో పాటు కొట్టుకుపోతుంది. నీరు సగం లోతుకు దగ్గరైన చోట మాత్రం అల పైగోడను తాకి దారిని పూర్తిగా మూసేస్తుంది. అలా ఏర్పడిన నీటి దిమ్మను స్లగ్ అంటారు. వెనక ఉన్న ఆవిరి దానిని తన వేగంతో తోసుకుపోతుంది. సపోర్టు సడలి పైపు కుంగిన చోట్లలోనే నీరు అంత లోతుగా చేరుతుంది గనుక, మీ లైనులో ముందుగా వెతకవలసినవి ఆ కుంగుళ్లే.

వేగంగా వచ్చిన స్లగ్ ఒక వంపు దగ్గరో మూసిన వాల్వు దగ్గరో ఆగిపోతే ఎంత దెబ్బ పడుతుందో చూడండి. నీరు నిండిన ఉక్కు పైపులో ఒత్తిడి తరంగం సెకనుకు 1,200 మీటర్లకు అటూఇటూగా ప్రయాణిస్తుంది. ఆ లెక్కన సెకనుకు 1 మీటరు వేగం హఠాత్తుగా ఆగితే పుట్టే ఒత్తిడి సుమారు 12 బార్. సెకనుకు 10 మీటర్ల వేగం ఆగితే అది 120 బార్ అవుతుంది. 7 బార్‌కు నడిచే లైనులో ఫ్లాంజీలు, వాల్వు బాడీలు, సపోర్టులు ఈ దెబ్బను రోజూ తట్టుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

ఇంకా ప్రమాదకరమైన రూపం మరొకటి ఉంది. వాల్వు కొద్దిగా తెరిచినా, ఆవిరి వేగం తక్కువే అయినా అది రావచ్చు. చల్లని నీటి మీద వేడి ఆవిరి నిలిచినప్పుడు ఆ నీటి ఉపరితలం మీదే ఆవిరి నిరంతరం ద్రవమవుతూ ఉంటుంది. ఆ లోటును పూడ్చడానికి వెనక నుంచి కొత్త ఆవిరి వస్తుంది, ఆ రాకతో అలలు లేస్తాయి. రెండు అలల మధ్య కొంత ఆవిరి చిక్కుకుపోతే, చుట్టూ ఉన్నది చల్లని నీరే కాబట్టి అది రెప్పపాటులో నీరైపోతుంది. మీ ఒత్తిడి వద్ద ఆవిరి నీరైతే దాని పరిమాణం 200 రెట్లకు పైగా కుంచించుకుపోతుంది. ఖాళీ అయిన ఆ చోటికి ఇరువైపుల నీరూ దూసుకువచ్చి ఢీకొంటుంది. ఈ రకం దెబ్బకు కావలసిన పరిస్థితులను అమెరికాలోని పీటర్ గ్రిఫిత్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రాల పైపుల కోసం క్రోడీకరించారు. గొట్టం దాదాపు అడ్డంగా ఉండాలి, నీరు ఆవిరి సంతృప్త ఉష్ణోగ్రత (ఆ ఒత్తిడి వద్ద ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) కన్నా 20 డిగ్రీలకు మించి చల్లగా ఉండాలి, అడ్డ భాగం పొడవు వ్యాసానికి 24 రెట్లు దాటాలి, గొట్టం పూర్తిగా నీటితో నిండి ఉండకూడదు, ఒత్తిడి నష్టం కలిగించేంత ఉండాలి. 100 మిల్లీమీటర్ల పైపుకు 24 రెట్లంటే రెండున్నర మీటర్లు కూడా కాదు. ఆయన నష్టానికి పెట్టుకున్న హద్దు 10 బార్ దగ్గర ఉంది, మీ ఒత్తిడి దానికి కొంచెం తక్కువ. మిగిలిన పరిస్థితులన్నీ ఉదయం పూట మీ లైనులో ఉన్నాయి.

ఇది పుస్తకాల భయం కాదు. 2007 జూలై 18న న్యూయార్క్ నగరంలో లెక్సింగ్టన్ అవెన్యూ, 41వ వీధి కూడలి దగ్గర, 1924లో భూమిలో వేసిన స్టీమ్ పైపు పగిలి, ఆవిరి భవనాల ఎత్తుకు చిమ్మింది. ఒకరు మరణించారు, అనేకులు గాయపడ్డారు. ఆ రోజు కురిసిన భారీ వర్షపు నీరు పైపు చుట్టూ చేరి లోపలి ఆవిరిని చల్లార్చింది. అలా పైపు లోపల చేరిన నీటిని బయటికి పంపవలసిన ట్రాపులు, అంతకు ముందు లీకు మరమ్మతులో వాడిన సీలెంటు అడ్డుపడి పనిచేయలేదు. పైపు పాతదన్న మాట నిజమే, కాని దర్యాప్తులో తేలిన కారణం వాటర్ హ్యామర్, అంటే పైన చెప్పిన నీటి దెబ్బ.

మీ లైనుకు కావలసిన మార్పులు ఖరీదైనవి కావు. పైపు ఆవిరి పోయే దిశలోనే వాలుగా ఉండాలి, 100 మీటర్లకు ఒక మీటరు వాలు చాలు. ప్రతి 30 నుంచి 50 మీటర్లకు ఒకచోట, అలాగే లైను పైకి లేచే ప్రతి మలుపు అడుగునా నీరు పడే పాకెట్, దాని కింద ట్రాపు ఉండాలి. ఆ పాకెట్‌ను చిన్న గొట్టంతో సరిపెట్టవద్దు. వేగంగా పోయే నీరు చిన్న రంధ్రం మీదుగా దాటిపోతుంది కాబట్టి 100 మిల్లీమీటర్ల వరకు పాకెట్ వ్యాసం పైపు వ్యాసంతో సమానంగా ఉండాలి. బ్రాంచి లైన్లను మెయిన్ పైపు పైభాగం నుంచే తీయాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఉదయం మీరు చేసే పని: డ్రెయిన్లన్నీ తెరిచి, మెయిన్ వాల్వును పక్కనపెట్టి, చిన్న బైపాస్ వాల్వుతో లైనును మెల్లగా వేడి చేసి, డ్రెయిన్ల నుంచి నీరు ఆగి పొడి ఆవిరి రావడం మొదలయ్యాకే మెయిన్ వాల్వు తెరవాలి. మిల్లు ఆలస్యమవుతోందని యజమాని తొందరపెట్టినా ఈ ఒక్క పనిలో మీరు తగ్గకండి.

ప్రశ్న: మా వంటశాలలో స్టీమ్ జాకెట్ (చుట్టూ ఆవిరి నిండే రెండో గోడ) ఉన్న పాత్రలు ఒకే లైను మీద వరుసగా ఉన్నాయి. చివరి పాత్ర దగ్గర గేజి మిగిలినవాటిలాగే 3 బార్ చూపిస్తుంది, ట్రాపు కూడా మార్చాము. అయినా అది ఆలస్యంగా వేడెక్కుతుంది. ఎందుకు? (హాస్టల్ వంటశాల పర్యవేక్షకురాలు, తిరుపతి)

జవాబు: అక్కడ ఆవిరితో పాటు గాలి చేరి ఉండే అవకాశమే ఎక్కువ. గేజి మొత్తం ఒత్తిడిని చూపిస్తుంది గాని, అందులో ఆవిరి వాటా ఎంతో చెప్పదు. గేజి మీద 3 బార్ అంటే వాతావరణ పీడనాన్ని కలుపుకొని 4 బార్. అదంతా ఆవిరే అయితే జాకెట్ ఉష్ణోగ్రత సుమారు 144 డిగ్రీలు ఉంటుంది. పరిమాణంలో నాలుగో వంతు గాలి అయితే ఆవిరి వాటా 3 బార్, ఉష్ణోగ్రత 134 డిగ్రీలకు దిగిపోతుంది. గేజి ముల్లు మాత్రం కదలదు.

అసలు నష్టం దీనికన్నా ఎక్కువ. ఆవిరి చల్లని గోడ వైపు పోతూ తనతో పాటు గాలిని తీసుకుపోతుంది. గోడ మీద ఆవిరి నీరై దిగిపోతుంది, గాలి మాత్రం దిగే దారి లేక అక్కడే పొరగా మిగిలిపోతుంది. తరువాత వచ్చే ఆవిరి ఆ పొరను దాటుకొని గోడను చేరాలి. కదలిక లేని ఆవిరిలో పరిమాణంలో అర శాతం గాలి ఉన్నా ఉష్ణ ప్రసారం దాదాపు సగానికి పడిపోతుందని 1929లోనే డొనాల్డ్ ఓత్‌మర్ ప్రయోగం చేసి చూపించారు.

ఆవిరి ప్రవాహం గాలిని ముందుకు తోస్తూ పోతుంది కాబట్టి అది దారి మూసుకుపోయిన చివరి చోట పోగవుతుంది, మీ వరుసలో అది చివరి పాత్ర. గాలి ఎప్పుడూ పైకే తేలుతుందని అనుకొని ఎయిర్ వెంట్‌ను అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టడం తరచుగా కనిపిస్తుంది. అదే ఉష్ణోగ్రత, అదే ఒత్తిడి వద్ద ఆవిరి కన్నా గాలే బరువైనది. కాబట్టి ఎత్తును కాదు, ఆవిరి చివరగా చేరే చోటును చూసుకోవాలి. లైను కొసన ఒకటి, జాకెట్‌లో ఆవిరి ప్రవేశానికి ఎదురుగా దూరంగా ఉన్న మూల ఒకటి, ఉష్ణోగ్రతతో పనిచేసే ఎయిర్ వెంట్లు పెట్టించండి. బాయిలర్ ఫీడ్ నీటిని ముందే వేడి చేస్తే దానిలో కరిగిన గాలి చాలా వరకు అక్కడే పోతుంది. రాత్రి లైను చల్లారి లోపల ఒత్తిడి పడిపోయినప్పుడు సందుల్లోంచి లోపలికి వచ్చే గాలిని మాత్రం ప్రతి ఉదయం బయటికి పంపవలసిందే.

ప్రశ్న: బోరు నుంచి పొలం దాకా ఎత్తుపల్లాల నేల మీద పీవీసీ పైపు వేశాను. నీరు ఒకసారి ధారగా, ఒకసారి ఎగజిమ్ముతూ వస్తుంది, మధ్యలో గాలి కొడుతుంది. (రైతు, మదనపల్లె)

జవాబు: పైపు ఎత్తుగా ఉన్న ప్రతి చోటా పైభాగంలో గాలి నిలుస్తుంది. నీరు దాని కింద ఇరుకు దారిలో పోవాలి. మామూలు నీటిలో పరిమాణంలో దాదాపు 2 శాతం గాలి కరిగి ఉంటుంది. ఒత్తిడి తగ్గిన చోట అది బయటపడి ఈ నిల్వను పెంచుతుంది. మోటారు మొదలుపెట్టినప్పుడు పైపులో ఉన్న గాలి సంగతి చెప్పనక్కరలేదు. నీటి వేగం ఎక్కువగా ఉంటే గాలి ముక్కలై కొట్టుకుపోతుంది, తక్కువగా ఉంటే వాలు వెంట వెనక్కి ఎక్కి అక్కడే కూర్చుంటుంది. ప్రతి ఎత్తు మీద ఒక ఎయిర్ వాల్వు పెట్టి, మోటారు వేశాక గేటు వాల్వును మెల్లగా తెరవండి. చెత్త అడ్డుపడకుండా ఎయిర్ వాల్వు ముందు జాలీ అవసరం. పైపు పగుళ్లు ఎక్కువగా కనిపించేది కూడా గాలి ఒక్కసారిగా బయటపడి వెనకే నీరు వచ్చి కొట్టినప్పుడే.

ప్రశ్న: మా ప్రయోగశాలలో రెండు దశల ప్రవాహం (ద్రవం, వాయువు కలిసి పోయే ప్రవాహం) గురించి నేర్పేటప్పుడు పారదర్శక గొట్టంలో గాలి, నీరు పంపిస్తారు. పరిశ్రమల్లో ఉండేది ఆవిరి, నీరు. ఈ ఫలితాలు అక్కడ పనికి వస్తాయా? (బి.టెక్. విద్యార్థిని, కాకినాడ)

జవాబు: జాగ్రత్తగా వాడితే పనికి వస్తాయి. నేరుగా వాడితే తప్పుదారి పట్టిస్తాయి.

గాలి, నీటితో మీరు చూసే రూపాలు ఆవిరి, నీటిలోనూ ఉన్నాయి. వేగాలు తక్కువైతే నీరు కింద, గాలి పైన ప్రశాంతంగా పోతాయి. గాలి వేగం పెంచితే అలలు, తరువాత స్లగ్‌లు, ఇంకా పెంచితే గోడ చుట్టూ నీటి పొర, నడిమధ్యలో గాలి. నీటి వేగం బాగా పెంచితే గాలి బుడగలుగా చెదిరిపోతుంది. ఏ వేగాల జంటకు ఏ రూపం వస్తుందో చూపే పటాన్ని 1954లో ఓవిడ్ బేకర్ చమురు, సహజవాయువు పైపుల కోసం ప్రచురించారు. తరువాత వచ్చిన టైటెల్, డక్లర్ విధానం ప్రతి సరిహద్దు వెనుక ఉన్న భౌతిక కారణాన్ని లెక్కలోకి తెచ్చింది. నా దృష్టిలో దాని విలువంతా అందులోనే ఉంది, ఎందుకంటే కారణం తెలిసినప్పుడే గాలితో చేసిన ప్రయోగాన్ని ఆవిరికి మార్చి చెప్పగలం.

ఉదాహరణకు, 100 మిల్లీమీటర్ల గొట్టం సగం నీటితో ఉందనుకోండి. గది ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం వద్ద గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. స్లగ్ మొదలయ్యే గాలి వేగం ఆ సూత్రం ప్రకారం సెకనుకు సుమారు 9 మీటర్లు. అదే గొట్టంలో 70 బార్ వద్ద ఆవిరి, నీరు ఉంటే ఉష్ణోగ్రత 286 డిగ్రీలు, ఆవిరి సాంద్రత 36 కిలోలకు పైన, నీటి సాంద్రత 740 కిలోలకు దగ్గరగా ఉంటుంది. స్లగ్ మొదలయ్యే వేగం సెకనుకు 1.4 మీటర్లకు పడిపోతుంది. బరువైన ఆవిరి తక్కువ వేగంతోనే అలను లేపగలుగుతుంది. వీటికి తోడు ఆ ఉష్ణోగ్రత వద్ద నీటి తలతన్యత గది ఉష్ణోగ్రత నాటి విలువలో నాలుగో వంతుకు, స్నిగ్ధత పదో వంతుకు తగ్గుతాయి. కాబట్టి బుడగలు, తుంపరల పరిమాణాలు మీరు ప్రయోగశాలలో చూసినవాటిలా ఉండవు.

గాలితో ఎన్నటికీ చూడలేనిది ఒకటుంది, అది సాంద్రీకరణం, అంటే ఆవిరి నీరుగా మారడం. గాలి అలా నీరుగా మారదు, అందువల్ల మిర్యాలగూడ పాఠకుడు అడిగిన దెబ్బ మీ పారదర్శక గొట్టంలో రాదు. ఈ లోటును పూడ్చడానికి జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర రోసెన్‌డార్ఫ్ పరిశోధన కేంద్రం రెండు మెట్లలో పనిచేసింది. మొదట 8 మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పారదర్శక అడ్డ ఛానెల్‌లో గాలి, నీరు పంపి, అల పెరిగి స్లగ్‌గా మారడాన్ని హైస్పీడ్ కెమెరాలతో పట్టుకున్నారు. తరువాత ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్ వేడి పైపును (రియాక్టర్ నుంచి స్టీమ్ జనరేటర్‌కు వేడి నీటిని తీసుకుపోయే పైపును) మూడో వంతుకు తగ్గించి, కెమెరాకు కనిపించేలా గుండ్రటి గొట్టానికి బదులు లోపల 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న బల్లపరుపు ఛానెల్‌గా కట్టారు. 50 బార్, 264 డిగ్రీల ఆవిరిని తట్టుకొనే మందం గాజుకు ఇవ్వడం కష్టం. అందుకే ఆ ఛానెల్ మొత్తాన్ని ఒక పెద్ద ఒత్తిడి పాత్రలో పెట్టి, బయటా లోపలా ఒత్తిడి సమానంగా ఉంచారు. గాజు మోయవలసిన భారం దాదాపు ఏమీ లేకుండా పోయింది. ఈ ఉపాయం నాకు ఎంతో నచ్చుతుంది.

అక్కడ ప్రధానంగా చూసినది ఎదురెదురు ప్రవాహం. ప్రమాద సమయంలో రియాక్టర్ నుంచి ఆవిరి ఒక దిశలో పోతుంటే, స్టీమ్ జనరేటర్‌లో చల్లబడిన నీరు అదే పైపు అడుగున వెనక్కి రావాలి. ఆవిరి వేగం పెరిగేకొద్దీ వెనక్కి వచ్చే నీరు తగ్గి, ఒక దశలో పూర్తిగా ఆగిపోతుంది. మన్‌హైమ్‌లో నిజమైన పైపు వ్యాసంతోనే ఈ పరీక్ష జరిగింది. గ్రాహం వాలిస్ అనే ఇంజనీరు ఇచ్చిన కొలమానం సాంద్రతలను, పైపు ఎత్తును లెక్కలోకి తీసుకుంటుంది గనుక గాలి, నీటి ఫలితాలను ఆవిరి, నీటి ఫలితాల పక్కన పెట్టి పోల్చడానికి వీలవుతుంది. మీ గొట్టంలో వచ్చిన అంకెలను కూడా కేవలం వేగాలుగా కాక, ఆ కొలమానంలో గీసి చూడండి.

ప్రశ్న: మా ప్రాంతంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఇంధన కట్టలు (ఇంధనం నింపిన కడ్డీల గుత్తులు) రియాక్టర్‌లో అడ్డంగా ఉండే గొట్టాల్లోకి వెళతాయని చదివాను. అడ్డ గొట్టంలో ఆవిరి పైకి చేరితే పై కడ్డీలకు నీరు అందకుండా పోదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, మౌలాలి)

జవాబు: ఈ ప్రశ్నను రియాక్టర్ల రూపకర్తలు మొదటి నుంచీ వేసుకుంటూనే ఉన్నారు. మన దేశంలోని ప్రెషరైజ్డ్ హెవీ వాటర్ రియాక్టర్లలో ఇంధన ఛానెళ్లు అడ్డంగానే ఉంటాయి. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306, 540, 700 మెగావాట్ల వాటిలో 392 ఛానెళ్లు ఉంటాయి. రియాక్టర్ నడుస్తుండగానే రెండు చివరలా యంత్రాలు తగిలించి ఒకవైపు నుంచి కొత్త కట్టలు తోసి, మరోవైపు నుంచి పాతవి తీయడానికి ఈ అమరిక అనువైనది. మీ పొరుగున తయారయ్యే కట్ట అరమీటరు పొడవు ఉంటుంది. చిన్న రియాక్టర్ల కట్టలో 19 కడ్డీలు, పెద్దవాటిలో 37 కడ్డీలు ఉంటాయి. వాటిని చల్లబరిచే భారజలం తయారయ్యే కర్మాగారాల్లో ఒకటి తెలంగాణలోనే మణుగూరులో ఉంది.

రియాక్టర్ మామూలుగా నడిచేటప్పుడు మీరు భయపడినది జరగదు. ఛానెల్‌లో భారజలం సెకనుకు 8 మీటర్లకు అటూఇటూగా, తీవ్రమైన సుడులతో పోతుంది. కడ్డీల మధ్య దూరాన్ని నిలిపే చిన్న దిమ్మలు, కట్టల చివరి పలకలు దానిని ఇంకా కలియబెడతాయి. ఆ వేగంలో భూమ్యాకర్షణకు బుడగలను పైకి విడదీసే వ్యవధి ఉండదు. 700 మెగావాట్ల రియాక్టర్లలో ఛానెల్ చివర తూకంలో 3 శాతం వరకు ఆవిరిని అనుమతించారు. గుజరాత్‌లోని కాక్రపార్ 3వ యూనిట్ ఈ రకంలో మొదటిది, 2023 జూన్ 30న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. తూకంలో 3 శాతమంటే చిన్నదిగా అనిపిస్తుంది గాని, ఆవిరీ నీరూ ఒకే వేగంతో పోతున్నాయనుకొని, 100 బార్ వద్ద మామూలు నీటి పట్టికలతో లెక్కిస్తే అది గొట్టంలో నాలుగో వంతుకు పైగా చోటును ఆక్రమిస్తుంది. ఇంత ఆవిరి ఉన్నా ప్రవాహ వేగమే దానిని చెదరగొట్టి, ప్రతి కడ్డీ చుట్టూ నీరు ఉండేలా చూస్తుంది.

అసలు ప్రశ్న ఆ వేగం పోయినప్పుడు మొదలవుతుంది. ఎక్కడో పైపు పగిలి ఒత్తిడి పడిపోయి, ఛానెల్‌లో ప్రవాహం బాగా తగ్గితే నీరు అడుగుకు, ఆవిరి పైకి విడిపోతాయి. మునిగి ఉన్న కడ్డీలు చల్లగానే ఉంటాయి. తేలిన పై వరుసలు ఆవిరిలో వేడెక్కుతాయి. కట్టల చుట్టూ ఉన్న ప్రెషర్ ట్యూబు (ఛానెల్ లోపలి గొట్టం) పైభాగం అడుగుభాగం కన్నా వేడెక్కి, మెత్తబడి, ఒత్తిడి ఉంటే ఉబ్బుతుంది, లేకపోతే బరువుకు కుంగుతుంది. రెండు సందర్భాల్లోనూ అది తన చుట్టూ ఉండే బయటి గొట్టమైన కలాండ్రియా ట్యూబును తాకుతుంది. ఆ ట్యూబు చుట్టూ విడిగా, చల్లగా, తక్కువ ఒత్తిడిలో ఉండే మోడరేటర్ (న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే) భారజలం ఉంటుంది. తాకిన చోటు నుంచి వేడి ఆ భారజలంలోకి పోతుంది. అడ్డ ఛానెళ్ల రియాక్టర్‌కు ఉన్న ఈ అదనపు రక్షణ గురించి బయట తక్కువగా మాట్లాడతారు. పైభాగం ఒక్కటే వేడెక్కినప్పుడు ట్యూబు తాకేలోపే చిరుగుతుందా లేదా అన్నది మన దేశంలోనూ కెనడాలోనూ ప్రయోగాలతో పరిశీలించిన విషయం.

ప్రవాహం ఆగగానే ఆవిరి, నీరు విడిపోవడం ఎంత తీవ్రమైన విషయమో 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ రెండో యూనిట్ చూపించింది. అది వేరే రకం రియాక్టర్, దాని ఇంధనం నిలువుగా ఉంటుంది. నీరు పోతూ ఉన్నా, పంపులు తిరిగినంతసేపు ఆవిరి, నీరు కలిసిన మిశ్రమం ఇంధనాన్ని చల్లబరుస్తూనే ఉంది. ఆ మిశ్రమం వల్ల పంపులు తీవ్రంగా అదరడంతో, ప్రమాదం మొదలైన 73 నిమిషాలకు ఒక లూపు (నీరు తిరిగే వలయం) పంపులను, 100 నిమిషాలకు రెండో లూపు పంపులను ఆపేశారు. ఆ తరువాత ఆవిరి పైకి, నీరు కిందికి విడిపోయి, ఇంధనం పైభాగం బయటపడి కరగడం మొదలైంది.

మన ఛానెళ్లలోకి అత్యవసర శీతలీకరణ నీరు వచ్చేటప్పుడు కూడా ఈ శీర్షికలో మొదట చెప్పుకున్న భౌతికశాస్త్రమే పనిచేస్తుంది. అడ్డంగా ఉన్న హెడర్లలో (ఛానెళ్లన్నిటికీ నీటిని పంచే పెద్ద పైపుల్లో) వేడి ఆవిరి ఉంటుంది, దాని మీదికి చల్లని నీరు వస్తుంది. కాబట్టి ఆ పైపుల రూపకల్పనలో వాటర్ హ్యామర్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఛానెల్ నిండేటప్పుడు నీరు ముందు అడుగు వెంట పాకి కింది కడ్డీలను తడుపుతుంది, మట్టం పెరిగిన కొద్దీ పైవరుసలను చేరుతుంది. అందువల్ల భద్రతా లెక్కల్లో ఛానెల్ సగటు ఉష్ణోగ్రత సరిపోదు, అన్నిటికన్నా పైన ఉన్న కడ్డీ ఎంత వేడెక్కిందో, అది ఎప్పుడు తడిసిందో విడిగా చూడాలి.